గుండీల కొట్టు బోణీ

దిగేసరికి పొద్దున్న తొమ్మిదయింది. చలి సున్నాకి నాలుగు కింద అని ఎవరో చెప్పారు. విమానం మెట్ల మీద నా ముందున్నవాడి నోట్లోంచి పొగ వస్తోంది. వీడికి ఇక్కడ బీడీ ఎలా దొరికింది అనుకున్నాను. రెండు మెట్లు దిగాక నా నోట్లోంచీ వచ్చింది.

ఆ దేశం కొసొవో. యుద్ధం అయిపోయి కొన్నేళ్ళయింది. ఐక్యరాజ్యసమితి తరఫున శాంతి కాపలాకి మన దేశం నుంచి వెళ్ళిన దళంలో నేనొకణ్ణి. మాది కేంద్ర బలగం. మా ఊళ్ళో ఖాకీ వేసుకుని రైలెక్కి దూరం వెళ్ళినవాడెవడైనా మిలట్రీయే, కాబట్టి నేను మిలట్రీ నూకరాజుని. మాది భీమిలి. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ గంపెత్తుకుని చేపలు అమ్మేది. అంతవరకు నాకు మంచు అంటే చేపల మీద కొట్టే ఐసుగడ్డే. అది ఆకాశంలోంచి ఉచితంగా పడే చోటు ఉందని తెలిస్తే మావాళ్ళు పడవలు అటే తోలేవాళ్ళు.

శిబిరం ఊరికి ఉత్తరాన, మూసేసిన పొగాకు ఫ్యాక్టరీ ఆవరణలో. రేకుల గదులు. గదికి నలుగురు, మధ్యలో ఒక నూనె పొయ్యి, పొయ్యి చుట్టూ ఆరేసిన మేజోళ్ళు. ఇచ్చిన సామాను: తూటా ఆపే జాకెట్టు, నీలం హెల్మెట్టు, ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, బరువు బూట్లు. నేను తెచ్చుకున్న సామాను: కొబ్బరినూనె సీసా. అది మొదటి రోజే రాయి అయిపోయింది. చెంచా పిడితో గీకి తలకి రాసుకున్నాను. అమ్మ మూటకట్టి ఇచ్చిన ఎండు నెత్తళ్ళని ఢిల్లీలోనే తీయించేశారు. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

ఊరి పేరు రాయను. అది పెద్ద ఊరేం కాదు. నేను చెప్పబోయే మనుషులని ఆనవాలు పట్టేవాళ్ళు ఇంకా అక్కడే ఉంటారు. మూడు వైపులా కొండలు, ఒక కొండ మీద కూలిన కోట. కొండల్లోంచి దిగిన ఏరు ఊరి మధ్యగా పోతుంది. ఏటి మీద రాతి వంతెన. వంతెన దాటితే పాత బజారు. తుర్కీ సుల్తానుల కాలంలో కట్టిందట. ఎన్ని వందల ఏళ్ళో అడిగితే ఒక్కొక్కడు ఒక్కో లెక్క చెప్పాడు. బజారుని వాళ్ళు చార్షియా అంటారు. కొట్టుని దుక్యాన్ అంటారు. అంతదూరం వెళ్ళి మొదటిరోజే అర్థమైన మాట అదొక్కటే.

మా పని ఆ బజారులో గస్తీ. పొద్దున్న ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు. సందులు బండరాళ్ళు పరిచినవి, రెండు తోపుడుబళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టాక ఆ రాళ్ళ మీద నడక మన తీరంలో పాచి పట్టిన బండల మీద నడకే. నేను ఒక్కసారీ పడలేదు. పంజాబు వాళ్ళు వరసగా పడ్డారు. కొట్లన్నీ పొట్టివి. ముందువైపు చెక్క తలుపులు అడ్డంగా రెండు రెక్కలు. పై రెక్క ఎత్తి కడితే చూరు, కింది రెక్క దించితే అరుగు, సరుకంతా దాని మీద. పక్కన మనిషి దూరేంత వాకిలి. ఒక సందులో అన్నీ జీనులు కుట్టే కొట్లు. ఒక సందులో తెల్ల ఉన్ని టోపీలు. ఒక సందులో రాగి పని, ఆ సందు మొదటికి రాకముందే సుత్తి చప్పుడు వినిపిస్తుంది. పాత రాతిగోడల మధ్య అక్కడక్కడా కొత్త చెక్క. కొత్త చెక్క ఉన్న కొట్టల్లా యుద్ధంలో తగలబడిన కొట్టు.

గస్తీకి మేం ఏడుగురం. మా కమాండరు హర్యానా మనిషి, మాట పొదుపు. రేడియో మోసేవాడు టెక్కలి కుర్రోడు, మాట దుబారా. దళంలో నాతో తెలుగు మాట్లాడేది వాడొక్కడే. నన్ను బావ అనేవాడు. మాకొక దుబాసీ ఉండేవాడు, స్థానికుడు, అంతకుముందు బడిలో మాస్టారు. అక్కడి మూడు భాషలు, దాని మీద ఇంగ్లీషు వచ్చు. కమాండరు మొదటిరోజు ఇచ్చిన ఆర్డరు ఇది: "ఎవరిచ్చింది తినొద్దు. ఎవరి దగ్గరా కొనొద్దు. టోపీ తీయొద్దు." టెక్కలివాడు నా చెవిలో అన్నాడు: "మరి ఊపిరి తీసుకోడానికి పర్మిషన్ ఉందేటి బావా?"

మొదటి వారంలోనే పరువు పోగొట్టుకున్నాం. రాగి సందులో ఒక కొట్టు బార్లా తెరిచి ఉంది. అరుగు నిండా చెంబులు, పళ్ళేలు, పొడుగు పిడి ఉన్న కాఫీ గిన్నెలు. మనిషి లేడు. వాకిలికి అడ్డంగా ఒక చెక్క కుర్చీ పెట్టి ఉంది. కమాండరు చెయ్యెత్తాడు. అందరం ఆగాం. మాకిచ్చిన పాఠం అదే మరి: తెరిచిన కొట్టు, మనిషి లేడు, దారికి అడ్డంగా వస్తువు, అంటే బాంబు. సందు రెండు వైపులా మూశాం. జనాన్ని వెనక్కి నెట్టాం. టెక్కలివాడు రేడియోలో బాంబుల వాళ్ళని పిలిచాడు.

"వస్తువు ఏమిటి?" అని అవతలి నుంచి అడిగారు.

"కుర్చీ."

"మళ్ళీ చెప్పు."

"కుర్చీ. నాలుగు కాళ్ళు."

అప్పుడు వెనక నుంచి ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల మీసం, తోలు ఏప్రాను, నమాజు నుంచి వస్తున్నాడు. మా మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి, కుర్చీ తీసి పక్కన పెట్టి, లోపల కూర్చుని సుత్తి అందుకున్నాడు. సందంతా నవ్వింది. దుబాసీ నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. ఈ బజారులో కొట్టుకి తాళం వేసేది ఇంటికి పోయేటప్పుడే. కాసేపు బయటికి వెళ్తే వాకిట్లో కుర్చీ పెడతారు. యజమాని బయటికెళ్ళాడు, వస్తాడు అని దాని అర్థం. కుర్చీ దాటి ఎవరూ లోపలికి వెళ్ళరు. ఎదురు కొట్టువాడు ఒక కన్ను వేసి ఉంచుతాడు. వందల ఏళ్ళుగా అంతే.

టెక్కలివాడు చాలాసేపు ఆలోచించాడు. "ఈ ఊర్లో కుర్సీకున్న ఇలువ మన కాడ కానిస్టేబులికి నేదు బావా" అన్నాడు.

ఆ తర్వాత మేం కనిపించినప్పుడల్లా ఆ రాగి తాత కుర్చీని రెండు చేతులతో, బాంబుని ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టేవాడు. మొహంలో మాత్రం నవ్వు ఉండేది కాదు. అతని కొట్టు లోపల గోడకి ఒక ఫొటో ఉంది. తమ్ముడట. యుద్ధంలో తీసుకుపోయారు. మళ్ళీ కనబడలేదు. చచ్చిపోయాడని చెప్పినవాళ్ళూ లేరు, అందుకని ఫొటోకి దండ లాంటిదేమీ లేదు.

అతని దగ్గరే నేను ఇంకొకటి చూశాను. ఒకరోజు పొద్దున్నే మొదటి బేరం అయింది. ఎవరో చిన్న గిన్నె కొన్నారు. తాత ఆ నాణాన్ని పెట్టెలో వేయలేదు. నేల మీదికి విసిరాడు. తర్వాత వంగి తీసి, గెడ్డానికి రాసుకుని, నుదుటికి తాకించుకున్నాడు. నేను నడక ఆపేశాను. దుబాసీని అడిగితే, "సెఫ్తే" అన్నాడు, "రోజులో మొదటి అమ్మకం." నాకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. బోణీ! మా అమ్మ మొదటి నోటు అందుకోగానే గంపకి తాకించి, కళ్ళకద్దుకుని, బొడ్డు సంచిలో వేసేది. బోణీ బేరం కాదని వెళ్ళిపోయినవాణ్ణి మధ్యాహ్నం వరకు తిట్టేది. చేతివాసి బాగున్నవాళ్ళని పేరు పెట్టి పిలిచి మరీ బోణీ చేయించుకునేది.

కానీ తర్వాత జరిగింది మా చేపల బజారులో ఎన్నడూ చూడలేదు. రెండో మనిషి వచ్చి కాఫీ గిన్నె అడిగాడు. తాత తల అడ్డంగా ఊపి, సుత్తితో పక్క కొట్టు చూపించాడు. నాకు అయింది, అతనికి ఇంకా కాలేదు, అక్కడ కొనుక్కో అని. ఆ మనిషి కూడా వింతేమీ లేనట్టు పక్కకి వెళ్ళాడు. మా దగ్గర అయితే పక్క గంప బేరాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొస్తారు. ఆ లాగుడులో జుట్లు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇంతకీ తాత ఉదారుడని కాదు. అది బజారు కట్టుబాటు. బజారులో మనిషివైతే నీకు ఆ హక్కు ఉంటుంది. కాకపోతే ఉండదు.

నేను చెప్పాలనుకున్నదానికి ఇవి రెండూ తెలిసి ఉండాలి. కుర్చీ, బోణీ.

చలి కాస్త తగ్గాక ఒక ఉదయం కమాండరు కొత్త పని చెప్పాడు. "ఒక ముసలావిడ. ఆవిడ కొట్టు చూసుకోవాలి. పదింటికి తీసుకెళ్తాం, పన్నెండింటికి వెనక్కి." ఆవిడ సెర్బు. బజారు అల్బేనియన్లది. యుద్ధం జరిగింది ఈ రెండు జాతుల మధ్యే. ఎవరు ఎవరికి ఏం చేశారో నేను చెప్పను. రెండు వైపులా కొత్త సమాధులు చూశాను. యుద్ధం తర్వాత ఆవిడవాళ్ళు ఊరొదిలి కొండ అవతల ఒక పల్లెలో ఉంటున్నారు, చుట్టూ ఇనుపకంచె, మా కాపలా. ఆవిడ బజారు చూసి ఏళ్ళయింది. మొగుడు ఆ పల్లెలోనే పోయాడు.

మేం వెళ్ళేసరికి గుమ్మంలో సిద్ధంగా నిలబడి ఉంది. పొట్టి మనిషి, నల్ల కోటు, తలకి నల్ల గుడ్డ, చేతిలో చీపురు. చీపురెందుకని కమాండరు అడిగాడు. కొట్టు తెరిస్తే ఊడవాలి కదా అంది. మేం ఆవిడని మామ్మ అనుకున్నాం. ఆవిడ పేరు మాకు కాగితం మీద ఉంది కానీ ఎవరికీ నోరు తిరగలేదు.

బండిలో దుబాసీ ఆవిడతో మాట్లాడి మాకు చెప్పాడు. ఊరి ఆఫీసు వాళ్ళు ఆవిణ్ణి అడుగుతున్నారట, కొట్టు ఉంచుకుంటావా, వదిలేస్తావా అని. సాయంత్రానికి జవాబు చెప్పాలి. "ఏం చెప్తారు?" అని నేనే అడిగించాను. ఆవిడ కోటు జేబులోంచి తాళంచెవి తీసి చూపించింది. అరచెయ్యంత ఇనుప చెవి.

"ఇవాళ సెఫ్తే అయితే ఉంచుకుంటాను. కాకపోతే ఈ చెవి మీ చేతికే ఇచ్చి బండెక్కుతాను."

దుబాసీ తన తరఫున ఒక ముక్క కలిపాడు. "అవదు. ఎవరూ కొనరు." అతనూ అల్బేనియనే. ద్వేషంతో అనలేదు. ఇవాళ వాన పడుతుంది అన్నట్టు అన్నాడు.

కొట్టు సరిగ్గా రాగి తాత కొట్టుకి ఎదురుగా. ఎన్నోసార్లు దాని ముందు నుంచి నడిచాం, మూసిన తలుపు తప్ప ఏమీ చూడలేదు. తాళం తుప్పు పట్టింది. టెక్కలివాడు తుపాకికి వేసే నూనె రెండు చుక్కలు వేస్తే తిరిగింది. పై రెక్క ఎత్తడానికి ఇద్దరం పట్టాం. లోపల అద్దాలు పగిలి ఉన్నాయి, దీపం లేదు, బల్ల లేదు. పనికొచ్చేవన్నీ ఎవరో పట్టుకుపోయారు. గోడ పొడుగునా చిన్న చిన్న చెక్క సొరుగులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆవిడ ఒక సొరుగు లాగింది. గుండీలు. ఇంకొకటి లాగింది. గుండీలు. ఎముకవి, కొమ్మువి, ఇత్తడివి, ముత్యంలా మెరిసేవి. గుండీలని ఎవడు దోచుకుంటాడు?

ఆవిడ నేల ఊడ్చింది. అరుగు తుడిచింది. ఏడు రకాల గుండీలు చిన్న పళ్ళేల్లో పోసి అరుగు మీద వరసగా పెట్టింది. అప్పుడు ఒక సొరుగుని తలకిందులు చేసి దాని మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పదింబావు.

ఆవిడ రెక్క ఎత్తిన క్షణం నుంచి ఎదురుగా రాగి తాత సుత్తి ఆగలేదు. తల ఎత్తలేదు. మామూలుగా అతను నాలుగు దెబ్బలు వేసి పని తిప్పి చూసుకుంటాడు. ఆరోజు చూసుకోవడం లేదు, కొడుతూనే ఉన్నాడు.

మేం ఇద్దరిద్దరం సందు రెండు చివర్లలో, నేనూ టెక్కలివాడూ కొట్టు పక్కన. కమాండరు మధ్యలో తిరుగుతూ. "కళ్ళు కిటికీల మీద. వేలు ట్రిగ్గరు బయట." జనం వస్తున్నారు. కొట్టు దాకా వచ్చి, చూసి, అవతలి వైపుకి జరిగి పోతున్నారు. కొందరు అసలు చూడనట్టు పోయారు. అది ఇంకా కష్టంగా ఉంది. సందు మలుపులో నలుగురు కుర్రాళ్ళు చేరారు. ఒకడు మా వైపే చూస్తూ ఉమ్మేశాడు. పదకొండు దాటింది. గుండీల పళ్ళేల మీద చూరు నుంచి కరిగిన మంచు నీళ్ళు కారుతుంటే ఆవిడ గుడ్డతో తుడిచి మళ్ళీ కూర్చుంది.

టెక్కలివాడు ఉండబట్టలేకపోయాడు. వాడిది మెత్తటి గుండె. కమాండరు అటు తిరగ్గానే జేబులోంచి నాణెం తీసి, వంగి, ఒక ఇత్తడి గుండీ చూపించాడు. "మామ్మా, ఇది నాకియ్యి" అన్నాడు తెలుగులోనే. ఆవిడకి అర్థమైంది. నాణెం ఉన్న వాడి గుప్పిటిని తన చేత్తో మూసి, దాని మీద రెండుసార్లు తట్టి, వెనక్కి నెట్టింది. వాడి మొహం చిన్నబోయింది.

"ఏటి బావా, నా డబ్బు సెల్లదేటి?"

"చెల్లుతుంది. నువ్వు చెల్లవు" అన్నాను.

వాడికి చెప్పాను. బోణీ అంటే డబ్బు రావడం కాదు. మా నాన్న ఒకసారి అమ్మకి బేరం కాక కూర్చుంటే, జాలిపడి తనే గంప ముందుకి వెళ్ళి ఒక చేప కొనబోయాడు. అమ్మ ఆ చేపతోనే వీపు మీద కొట్టింది. "ఇంటోడు సేసిన బోణీ బోణీ కాదు" అంది. ఇవాళ మేం ఆవిడ ఇంటివాళ్ళం. తుపాకులు పట్టుకుని ఆవిడని తెచ్చినవాళ్ళం. మేం కొంటే అది కాపలాలో భాగమే. బజారే వచ్చి కొనాలని ఆవిడ కూర్చుంది.

కమాండరు ఇదంతా చూడనే చూశాడు. "కొనొద్దు అన్నానా లేదా?" అన్నాడు. తర్వాత కాస్త ఆగి, "ఏం, తీసుకోలేదా?" అని అడిగాడు. తీసుకోలేదన్నాం. ఆయన సందు చివరికి నడిచాడు. కొని ఉంటే బాగుండునని ఆయనకీ ఉందని నాకు అర్థమైంది.

పదకొండున్నరకి రేడియో మోగింది. మలుపులో కుర్రాళ్ళు నలుగురి నుంచి పదిహేను మంది అయ్యారు.

"గుంపు పెరుగుతోంది. పది నిమిషాల్లో సర్దండి."

కమాండరు దుబాసీకి చెప్పాడు. దుబాసీ మామ్మకి చెప్పాడు. ఆవిడ తలూపింది. లేచి, ఒక పళ్ళెంలో గుండీలు సొరుగులో పోసింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. రెండో పళ్ళెం పోసింది. తాళంచెవి తీసి అరుగు మీద పెట్టింది, మాకు అందేలా. కమాండరు అయినా, నేనైనా ఆ చెవి వైపు చెయ్యి చాపలేదు.

అప్పుడే రాగి తాత కొట్టుకి ఒక బేరం వచ్చింది. మధ్యవయసు ఆడమనిషి, చేతిలో సంచి. వంగి కాఫీ గిన్నెలు చూసి, ఒకటి ఎంచుకుని, పర్సు తెరిచింది.

సుత్తి ఆగింది.

పొద్దుటి నుంచి కొడుతున్న సుత్తి ఆగేసరికి సందంతా ఆగినట్టయింది. టెక్కలివాడు రేడియో మైకు మీద చెయ్యి పెట్టాడు. తాత ఆ ఆడమనిషి చేతిలోంచి గిన్నె తీసుకుని మళ్ళీ దాని చోట పెట్టేశాడు. ఏదో అన్నాడు, పొట్టి మాట. ఆడమనిషి అర్థం కానట్టు చూసింది. తాత సుత్తి ఎత్తి మా వైపు చూపించాడు. ఒక్క క్షణం మాకందరికీ చేతులు తుపాకుల మీదికి పోయాయి. సుత్తి చూపిస్తున్నది మమ్మల్ని కాదు. మా వెనక కొట్టుని.

దుబాసీ గొంతు మారిపోయింది. "ముందు అక్కడ సెఫ్తే చేసి రా, తర్వాత నీకు గిన్నె అమ్ముతాను అంటున్నాడు" అన్నాడు.

ఆడమనిషి కదల్లేదు. మలుపు వైపు చూసింది. కుర్రాళ్ళలో ఒకడు గట్టిగా అరిచాడు. తాత వాడి వైపు తిరిగి ఒకే ఒక్క మాట అన్నాడు. అదేమిటో దుబాసీ నాకు చెప్పలేదు. అరిచినవాడు మాత్రం తల దించుకున్నాడు. గోడ మీది ఫొటో అందరికీ తెలుసు. ఆ సందులో ఆ మనిషికి ఎదురు చెప్పే అర్హత ఎవడికీ లేదు.

ఆడమనిషి సందు దాటింది. నాలుగడుగులు కూడా ఉండవు ఆ సందు. మా మధ్యలోంచి వచ్చి, అరుగు ముందు నిలబడి, తన కోటు చూసుకుంది. పైనుంచి మూడో గుండీ లేదు. నిజంగానే లేదు. మామ్మ ఆ కోటుని ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, వెతక్కుండా ఒక సొరుగు లాగి గుండీ తీసింది. మిగతావాటికి సరిగ్గా జోడీ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గుండీ ఇటొచ్చింది, నాణెం అటెళ్ళింది.

మామ్మ ఆ నాణాన్ని నేల మీదికి విసిరింది. రాతి మీద ఖంగుమంది. వంగి, కష్టంగా, మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగి తీసుకుంది. గెడ్డానికి రాసుకుని నుదుటికి తాకించుకుంది. అరుగు మీది తాళంచెవి తీసి జేబులో వేసుకుంది.

ఎదురుగా సుత్తి మళ్ళీ మొదలైంది. ఈసారి నాలుగు దెబ్బలు వేసి, పని తిప్పి చూసుకుంటున్నాడు.

కొట్టుకి తాళం వేసి బండి ఎక్కేటప్పుడు మామ్మ రాగి కొట్టు వైపు చూసి తల కొంచెం వంచింది. తాత చూడలేదు. బండిలో దుబాసీ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. టెక్కలివాడు కళ్ళు తుడుచుకుంటూ చలిగాలి అన్నాడు. బండి అద్దాలన్నీ మూసే ఉన్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ సాయంత్రం గడ్డకట్టిన కొబ్బరినూనెని పొయ్యి మీద కరిగించి గదిలో నలుగురికీ తలకి రాశాను.

ఆవిడకి వారంవారం కాపలా వస్తామని మాట ఇచ్చాం. వారం తిరక్కుండానే ఎక్కడో, మాకు దూరంగా, ఏదో గొడవ. పై నుంచి ఆర్డరు వచ్చింది: ముసలావిడల పనులన్నీ ఆపు, రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టు. కమాండరుని రెండుసార్లు అడిగాను. రెండోసారి, "నేనూ పైకి రెండుసార్లు అడిగాను" అన్నాడు. శీతాకాలం మళ్ళీ వచ్చింది. మా వంతు అయిపోయింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ సంతపేటలో బేరం మీద ఉంది. గంప ముందు కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పించుకుంది. పక్క గంపల వాళ్ళూ విన్నారు. అందరూ "ఓలమ్మ, ఓలమ్మ" అన్నారు. అమ్మ మాత్రం చేప పొలుసు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"బోణీ ఎవులైనా సేత్తారొరే. రెండో బేరం ఎవులు సేసేరు? అది సెప్పు."

ఇప్పుడు నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు గేటు దగ్గర కాపలా ఉంటున్నాను. పిల్లలు అడుగుతుంటారు, "అంకుల్, మిలట్రీలో ఎవరినైనా కాల్చారా?" అని. లేదంటాను. వాళ్ళకి నా మీద ఆసక్తి పోతుంది. మా అమ్మ అడిగిందే సరైన ప్రశ్న. దానికి ఇచ్చుకోగలిగింది నా దగ్గర ఒకటే ఉంది. వచ్చేముందు చివరి గస్తీలో చూసింది.

ఆ పొద్దున్న మంచు బాగా పడింది. ఎనిమిదింటికి రాగి సందులోకి తిరిగాం. మామ్మ కొట్టు మూసే ఉంది, తాళం వేసే ఉంది. ఎదురుగా తాత అప్పుడే వచ్చినట్టున్నాడు, తన కొట్టు ఇంకా తెరవలేదు. మూసిన గుండీల కొట్టు వాకిట్లో, అడ్డంగా, ఒక చెక్క కుర్చీ ఉంది. ఆ కుర్చీ మాకు తెలుసు. దానికోసం ఒకప్పుడు సందంతా మూయించాం. దుబాసీ తాతని ఏదో అడిగాడు. తాత మా వైపు తిరక్కుండానే జవాబిచ్చాడు.

"బయటికెళ్ళింది. వస్తుంది."

చెప్పి, తన టోపీ తీసి, దాంతో ఆ కుర్చీ మీది మంచు దులుపుతున్నాడు.